రాళ్లకు బాప్తిస్మం

తిరుమలాయపాలెం మండలంలో రాయికి నిరుద్యోగం లేదు. భూమిలో ఉన్నన్నాళ్లే అది రాయి. పైకి తేలిందా, ఏదో ఒక కొలువులో చేరాల్సిందే. పెద్దదైతే ఖమ్మం పోయి పాలిష్ పట్టించుకుని గ్రానైటు అవుతుంది. చిన్నదైతే క్రషర్లో పడి కంకర అవుతుంది. జాతకం బాగుంటే మంత్రిగారి చేత పరదా తీయించుకుని శిలాఫలకం అవుతుంది. ప్రభుత్వం మారి ఫలకం మీద పేర్లు చెల్లకపోయినా దాని కొలువుకు ఢోకా లేదు, వెనక్కి తిప్పి అటువైపు చెక్కుతారు.

ఎందుకూ పనికిరాని ముక్కలు సమాధుల మీదికి పోతాయి. అలాంటి ముక్కల దుకాణాలు ఖమ్మం రోడ్డున కనబడుతుంటాయి. రేకుల షెడ్డు, కోత మిషను, మిషను మీద పడి బూడిదరంగుకు తిరిగి కాలువలోకి జారే నీళ్లు, గోడకు ఆనించి పెట్టిన నల్లరాతి సిలువలు. వాటి మీద ఇంకా ఏ పేరూ ఉండదు. అడ్డకమ్మీ మీద నున్నటి జాగా మాత్రం ఎవరికోసమో ఖాళీగా ఉంటుంది. బేరం కూడా పద్ధతిగా సాగుతుంది. సిలువకు ఒక రేటు, అక్షరానికి ఒక రేటు, ఫోటో ఎక్కించాలంటే ఇంకో రేటు. వచ్చినవాడు మొదట వాక్యం పెద్దది రాయించాలనుకుంటాడు. లెక్క కట్టేసరికి పేరు, ఇంటిపేరు, రెండు తేదీలు మిగులుతాయి.

నేను మాట్లాడబోయేది ఆ సిలువల గురించి కాదు. ఎవరి ఆర్డరూ లేకుండా, ఏ పాస్టరుకూ చెప్పకుండా, ఏసుక్రీస్తు పుట్టకముందే మన అడవిలో లేచి నిలబడ్డ సిలువల గురించి. ముందే పుట్టడం వాటి నేరం. ఆ నేరానికి నూటయాభై ఏళ్లుగా అవి శిక్ష అనుభవిస్తూనే ఉన్నాయి.

ఇల్లందు దాటి గుండాల అడవిలోకి పోతే కాచనపల్లి దగ్గర గలబ గుట్ట ఉంది. ఉత్తరంగా గోదారి పట్టుకుని పైకి పోతే మంగపేట, మల్లూరు, మేడారం పోయే దారిలో కాటాపూర్ వస్తాయి. ఈ పట్టీ పొడుగునా ఇసుకరాతి బండల సమాధులున్నాయి. నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఎద్దులబండి పట్టనంత మూతబండ కప్పినవి. కొన్నింటి లోపల ఒకే రాతిని తొలిచిన తొట్లు. వాటి పక్కన, అక్కడక్కడా, నిలువురాళ్లు. ఒకే పలకను తల, అటూ ఇటూ చాచిన రెండు చేతులు, కింద మొండెం మిగిలేటట్టు చెక్కి నేలలో పాతారు. కాళ్లు లేవు. కొన్ని మనిషి ఎత్తును మించినవి. కొన్నిచోట్ల రొమ్ములు, మెడలో దండ కూడా చెక్కిన ఆడరూపాలున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు లాంటివాళ్లు ఇవి ఇనుపయుగపు బృహచ్ఛిలా సమాధుల కాలానివని, సిలువలు కావు మనిషి బొమ్మలని చెబుతూనే ఉన్నారు. చెప్పేవాళ్లు చెబుతూనే ఉంటారు. దూరంనుంచి ఫోటో తీస్తే మాత్రం అచ్చం సిలువే. మన దేశంలో రాయి ఏమిటన్నది దగ్గరికి పోయినవాడు తేల్చడు, ఫోటో ఫార్వర్డ్ చేసినవాడు తేలుస్తాడు.

ఈ ఫార్వర్డ్ చేసే విద్య మన వాట్సప్‌తో మొదలైందనుకుంటే పొరపాటు. 1868లో నిజాం రాజ్యంలో సర్వే పనిమీద తిరుగుతున్న మల్‌హెరన్ అనే ఉద్యోగి ఈ అడవిలో సమాధుల పక్కన సిలువల్ని చూసి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి రాసి పంపాడు. అక్కడినుంచి ఆ కబురు లండన్ చేరింది. లండన్‌లో జేమ్స్ ఫెర్గుసన్ అని ఒక మహాపండితుడు. బెంగాల్లో నీలిమందు వ్యాపారం చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుని, ఆ డబ్బుతో మన గుళ్లన్నీ తిరిగి బొమ్మలు గీసి, భారతీయ వాస్తుశిల్ప చరిత్రకు పెద్దదిక్కు అయినవాడు. తెలివిలో వంక పెట్టడానికి లేదు. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. యూరప్‌లో ఉన్న మోటురాళ్ల సమాధులూ, రాళ్ల వలయాలూ జనం అనుకున్నంత పాతవి కావని, రోమన్ల తర్వాతివేనని ఆయన వాదం. లోకమంతా కాదంటోంది. సాక్షి కావాలి. సరిగ్గా ఆ సమయానికి గోదారి ఒడ్డునుంచి కబురు అందింది, మోటురాళ్ల సమాధి పక్కనే సిలువ ఉందని.

ఇంకేముంది! సిలువ ఉంటే క్రైస్తవులుండాలి. క్రైస్తవులుంటే క్రీస్తు తర్వాతే ఉండాలి. సిలువ క్రీస్తు తర్వాతిదైతే పక్కనున్న సమాధీ అంతే. గోదారి సమాధి అంతేనైతే ఇంగ్లండు సమాధులు మాత్రం ఎందుకు కాకూడదు? 1872లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన రాళ్లు ఈ పని మీద పోయి నిలబడ్డాయి. గోదారి అడవిలో ఎవరో అమ్మ కోసమో అయ్య కోసమో నిలబెట్టుకున్న రాయి, ఇంగ్లండు పండితుల తగాదాలో వకాల్తా పుచ్చుకుంది. ఆ రాయిని ఆయన కళ్లతో చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా ఆయనకు కలగలేదు. కోర్టు పక్షి ఎక్కడైనా సాక్షి ఇల్లు చూసొస్తుందా?

దక్కను అడవిలో ఎవరికీ తెలియని ఒక క్రైస్తవ సంఘం ఉండి, రాళ్లు నిలబెట్టి, మళ్లీ ఎవరికీ చెప్పకుండా మాయమైపోయిందని మనం నమ్మాలి. నమ్మడానికి అభ్యంతరం లేదు గానీ మార్కోపోలో అడ్డం వస్తున్నాడు. 13వ శతాబ్దం చివర మోటుపల్లి రాజ్యం గురించి రాసిన ఆ వెనిసు వ్యాపారి, అక్కడి రాణి పాలనను పొగిడాడు, వజ్రాలు ఏరే పద్ధతి గురించి నోరూరేలా చెప్పాడు, జనం విగ్రహారాధకులన్నాడు. ఆ రాణి మన రుద్రమదేవే. అదే మనిషి ఏసు శిష్యుడు తోమా గారి సమాధి సంగతి, అక్కడికి యాత్రకొచ్చే క్రైస్తవుల సంగతి వివరంగా రాశాడు. తన మతంవాళ్లు ఎక్కడ కనబడినా వదలకుండా ఎక్కించే మనిషి, కాకతీయుల రాజ్యంలో ఊళ్లకు ఊళ్లు సిలువలు నాటుకున్న క్రైస్తవులుంటే చెప్పకుండా ఉంటాడా? ఆయనకు వజ్రాలు దొరికాయి, మన క్రైస్తవులు దొరకలేదు.

నిజమైన పాతకాలపు సిలువ ఎలా ఉంటుందో చూడాలంటే మద్రాసు పోతే చాలు. సెయింట్ థామస్ కొండ మీద 1547లో పోర్చుగీసువాళ్లు తవ్వుతుంటే బయటపడ్డ రాయి ఉంది. పలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన సిలువ, చేతుల కొసల్లో మొగ్గలు, కింద మెట్లు, పైన పావురం, చుట్టూ పహ్లవీ లిపిలో రాత. కేరళలో కొట్టాయం చర్చిలోనూ ఆ జాతి రాళ్లున్నాయి. వాటిని చెక్కినవాడు ఫలానా మతంవాడనడానికి ఎవర్నీ బతిమాలనక్కర్లేదు, రాయే చెబుతుంది. మన రాతి మీద లిపి లేదు, మొగ్గ లేదు, పావురం లేదు. రెండు భుజాలున్నాయి. మెడలో దండ ఉంది. పాలిచ్చిన రొమ్ములున్నాయి. అంత స్పష్టంగా తల్లి అని కనబడుతున్నా సిలువ అని బాప్తిస్మం ఇచ్చిన పాండిత్యానికి దండం పెట్టాల్సిందే.

పోనీ ఆ దొరలకు సిలువ మీద అంత ప్రేమ ఉందా అంటే, వాళ్ల ఇంటి సంగతి చూడండి. ఇంగ్లండులో దాదాపు ప్రతి పాత చర్చి ఆవరణలోనూ మధ్యయుగంలో ఒక రాతి సిలువ ఉండేది. దాని మెట్ల దగ్గర నిలబడి బోధలు చేసేవాళ్లు, సమాధుల మధ్య అది ఊరందరి ఉమ్మడి గుర్తు. 1643లో అక్కడి పార్లమెంటు చర్చిల్లో, చర్చి ఆవరణల్లో ఉన్న సిలువల్ని కూలగొట్టమని చట్టం చేసింది. విగ్రహారాధన అట! కూలగొట్టింది ముస్లిములు కాదు, నాస్తికులు కాదు, పొద్దున లేస్తే బైబిల్ చదివేవాళ్లు. చాలాచోట్ల ఇప్పుడు మొండి దిమ్మెలే మిగిలాయి. స్కాట్లండులో రూత్‌వెల్ అనే ఊళ్లో ప్రపంచంలోనే గొప్పదనదగ్గ సిలువను చర్చి పెద్దల సభే ఉత్తర్వు ఇచ్చి 1642లో ముక్కలు చేయించింది. నూటయాభై ఏళ్లు పైబడ్డాక హెన్రీ డంకన్ అనే ఆ ఊరి పాదిరి ముక్కలన్నీ ఏరుకొచ్చి తన పెరట్లో మళ్లీ నిలబెట్టాడు. పేదల కోసం పొదుపు బ్యాంకు పెట్టి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. పైసా పైసా కూడబెట్టడం తెలిసినవాడికి రాతి ముక్కలు కూడబెట్టడం లెక్కలోది కాదు. సొంత ఊళ్లో సిలువలు విరగ్గొట్టుకున్న జాతి, మన అడవిలో లేని సిలువల్ని లెక్కపెట్టుకుంటూ తిరిగిందన్నమాట.

దొరల్ని తిట్టడం సులువు. పైగా వాళ్లు తిరిగి తిట్టలేరు. కాబట్టి వాళ్లలో ఒకాయన గురించి మంచిమాట చెప్పి మన సంగతికొస్తాను. భూగర్భశాఖలో విలియం కింగ్ అని ఉండేవాడు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టింది ఈయనే. ఈయనే 1877లో మంగపేట దగ్గరి సమాధుల గురించి, ఆ సిలువ ఆకారపు రాళ్ల గురించి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. ఒకే మనిషి, ఒకే అడవి, రెండు సంగతులు చూపించాడు, కింద బొగ్గు, పైన సమాధులు. మనం ఏది పట్టుకున్నామో చెప్పనక్కర్లేదు. 1889 కల్లా ఇల్లందులో తవ్వకాలు మొదలయ్యాయి. ఆయన పేరుమీద ఒక బొగ్గు పొరకే కింగ్ సీమ్ అని పేరు పెట్టుకుని గౌరవించుకున్నాం. గని దిగిన ప్రతి కార్మికుడికీ ఆ పేరు తెలుసు. అదే మనిషి చూపించిన సమాధుల్ని చూసినవాళ్లు ఈ జిల్లాలో ఎంతమందో మీ వీధిలో అడిగి చూడండి. బొగ్గుకూ సమాధికీ తేడా అదే, బొగ్గు కాలుతుంది.

ఇక ఇప్పటి సంగతి. ఆ మధ్య ఈ రాళ్ల ఫోటో మా దగ్గరి ఒక టీ కొట్టులో ఫోనునుంచి ఫోనుకు తిరిగింది.

"చూసినవా అన్నా, మన గోదారి అడవిలోనే! తోమా గారు మద్రాసు పోయేముందు ఇటే నడిచి పోయిండు," అన్నాడు పాస్టరు గారు. మంచి మనిషి. ఆయన మాట నిజమైతే తోమా గారు మద్రాసుకు ఏటూరునాగారం మీదుగా దారి తప్పి వెళ్లినట్టు.

"సిలువ కాదు పాస్టరు గారూ, శూలం. నడిమి మొన విరిగింది గానీ సరిగ్గా చూడండి. దాన్నే మీవాళ్లు సిలువ చేసిండ్రు," అన్నాడు ధర్మరక్షణకు మూడు వాట్సప్ గ్రూపులు నడిపే కుర్రాడు. పక్కమొనలు పైకి లేవకుండా అడ్డంగా ఎందుకున్నాయని అడిగితే, కాలగర్భంలో వంగాయన్నాడు.

"ఆగండి బాబూ ఇద్దరూ," అన్నారు రిటైర్డ్ మాస్టారు. ఖమ్మం జిల్లాలో టీ కొట్టుకొక మాస్టారు ఉంటారు, మాస్టారికొక ఎర్ర కండువా ఉంటుంది. "కొన్ని సమాధులు పెద్దవి, కొన్ని చిన్నవి. అంటే వర్గాలు అప్పటికే పుట్టాయి. మతం గొడవ వదిలి ఆ సంగతి ఆలోచించండి."

బెంచీ చివర కూర్చుని బన్ను నంజుకుంటున్న లారీ క్లీనరు కుర్రాడు మెడ చాపి ఫోటో చూశాడు. "అయి మా కాడియే సారూ, గుండాల దిక్కు. రాకాసి గుళ్లంటం. మా తాత ఆడికి మేకల్ని తోలనిచ్చేటోడు కాదు."

"ఎందుకురా, దయ్యాలా?"

"దయ్యాలు కాదు సారూ. ఎవరో పండుకున్నరు గద, తొక్కొద్దనేటోడు."

అప్పటిదాకా ఒక్క మాట మీద కలవని ముగ్గురూ మొదటిసారి ఒక్కటయ్యారు. "నీకు తెలవదులే తమ్మీ," అన్నారు.

ఫెర్గుసన్ గారు లండన్‌లో కూర్చుని చేసిన పనికీ, మా టీ కొట్టులో జరిగినదానికీ తేడా పుస్తకం అట్టలోనే. ఈ నేల మీద బతికిన మనుషులు తమ చచ్చిపోయినవాళ్ల కోసం, వేరే ఎవరి అనుమతీ సలహా లేకుండా, తమ బుర్రతో తామే ఒక బొమ్మ చెక్కుకుని ఉంటారన్న ఆలోచన ఒక్కటే ఎవరికీ రాదు. పడమటినుంచి ఒక సాధువు రావాలి, లేదంటే ఉత్తరాదినుంచి ఒక రుషి, అదీ కాదంటే జర్మనీనుంచి ఒక సిద్ధాంతం. ఛత్తీస్‌గఢ్‌లో బస్తరు మరియా గోండులు పోయినవాళ్ల పేరుమీద రాళ్లూ స్తంభాలూ నిలబెట్టడం నిన్నమొన్నటిదాకా నడిచిన ఆచారం. గోదారి, శబరి దాటితే కనబడే విషయం ఇది. దానికోసం మద్రాసుకో, కాశీకో, మాస్కోకో టికెట్ కొనక్కర్లేదు.

అన్నట్టు, క్రైస్తవానికి ఇక్కడ పాత వంశవృక్షం కావాలని తహతహలాడేవాళ్లు ఒక్కసారి డోర్నకల్ రైలు ఎక్కి దిగాలి. మనకు దూరమేం కాదు. 1912లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషపు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్కడ కట్టించిన కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిపి కట్టించాడాయన. ఆయన మందిలో ఎక్కువమంది ఈ ఊళ్ల మాలలు, మాదిగలు. నాకు పాత రాయి ఉంటేనే గౌరవం అని వాళ్లు అనుకోలేదు, కొత్త రాళ్లు మోసుకొచ్చి నిలబెట్టుకున్నారు. ఆ మనుషుల మనవళ్ల సంగతే ఇప్పుడు అడగాల్సింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులంవాడు క్రైస్తవుడైతే షెడ్యూలునుంచి జారిపోతాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడికి మన దగ్గర బీసీ-సి అని ఒక అరుగు చూపించారు, ఒక్క శాతం వెడల్పు. వాడ మారలేదు, వాడ మీద పెత్తనం చేసేవాడు మారలేదు, చెంబు నీళ్ల కాడ చూపు మారలేదు, కాగితం మాత్రం మారుతుంది. కాబట్టి ఊళ్లో చాలామంది తెలివైన ఏర్పాటు చేసుకున్నారు. బతికినంతకాలం సర్టిఫికెట్ మీద ఒకటి, చచ్చాక రాతి మీద ఒకటి. మెడలో సిలువ కనబడితే కాలేజీ సీటు పోయే మనిషికి సమాధి మీద సిలువ పడితే ఇక పోయేదేం లేదు. తహసీల్దారు సంతకం అవసరం లేని చోట మాత్రమే దొరుకుతున్న మతస్వేచ్ఛ ఇది. రోడ్డు పక్క దుకాణంలో ఆ నల్లరాతి ముక్కలకు అంత గిరాకీ ఎందుకో ఇప్పుడు అర్థమైందా? మనిషి తన మతం పేరు బహిరంగంగా రాయించుకోవడం అదే మొదటిసారి కావచ్చు. అక్షరానికి ఎంతైనా ఇస్తాడు.

ఆ రాయి పెట్టడానికి ఆరడుగుల జాగా దొరకాలి కదా? ప్రభుత్వం 12 వేల పైచిలుకు పంచాయతీల్లో శ్మశానాలు కట్టించింది. మంచి పని, కాదనను. కాలే దిమ్మెలు, నీళ్ల కుళాయి, గేటు, గేటు మీద రంగురంగుల అక్షరాల్లో వైకుంఠధామం అని పేరు. పరలోకం పోవాల్సినవాడు వైకుంఠం గేటు దగ్గర ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో మాత్రం ఏ సర్క్యులర్లోనూ రాసినట్టు లేదు. చాలా ఊళ్లలో క్రైస్తవుల సమాధులు ఇంకా చెరువు శిఖంలోనో, వాగు గట్టునో, ఏ సర్వే నంబరుకూ చెందని ముక్కలోనో ఉన్నాయి. రెండువేల ఏళ్ల కిందట అడవిలో పూడ్చినవాడికి ఎంత హక్కుపత్రం ఉందో, నిన్న పూడ్చినవాడికీ అంతే ఉంది.

హక్కుపత్రం అన్నాను గనక అడవి సంగతి కూడా తేల్చేద్దాం. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి అనుభవంలో ఉన్న గిరిజనుడికి పట్టా రావాలి. గిరిజనుడు కానివాడైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే బతికినట్టు రుజువు చూపాలి. గలబ గుట్ట మీద పడుకున్నవాళ్లు 2005 కంటే కాస్త ముందునుంచే అనుభవంలో ఉన్నారు. సరిహద్దు రాళ్లు వాళ్లే పాతుకున్నారు. రాత్రిపూట కూడా ఖాళీ చేసి పోలేదు. మోకా మీద పంచనామా చేస్తే మనుషులు ఉన్నట్టే తేలుతుంది, ఎముకలైనా మనుషులవే కదా. అయినా కులధ్రువీకరణ పత్రం లేదు. ఎస్టీయా, ఇతర సంప్రదాయ అటవీ నివాసులా తేలదు. ఆ రాళ్ల పక్కన పోడు చేసుకునే కోయవాడికే కాగితం లేదని కందకాలు తవ్వి, మొక్కలు నాటి, కేసులు పెట్టే అడవిలో చచ్చినవాడికి ఎవడిస్తాడు పట్టా?

పురావస్తువాళ్ల బోర్డు మాత్రం ఉంటుంది కొన్నిచోట్ల. నీలం రంగు బోర్డు, తెల్ల అక్షరాలు, పాడుచేసినవాడికి పడే శిక్ష. జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడమైతే చట్టప్రకారం చుట్టూ 100 మీటర్లు ఇటుక పెట్టకూడదు. ఆపైన 200 మీటర్లకు అనుమతి కావాలి. బోర్డు గొప్పతనం ఏమిటంటే, అది లేనప్పుడు అక్కడ ఏదో ఉందని ఎవరికీ తెలియదు, పెట్టాక గుప్తనిధులవాళ్లకు తెలుస్తుంది. ఇంత గట్టిగా వద్దంటున్నారంటే కింద ఏదో ఉందనేగా! అమావాస్య రాత్రి నిమ్మకాయలు, కోడి, గడ్డపారలతో బయల్దేరుతారు. మూతబండ పక్కకు దొర్లిస్తారు. కింద నలుపు ఎరుపు కుండపెంకులు, తుప్పు పట్టిన ఇనుప ముక్క, నాలుగు పూసలు, ఎముకలు. బంగారం లేదని కోపంతో కుండ పగలగొట్టి పోతారు. మన రాష్ట్రంలో బడ్జెట్ ఎదురుచూడకుండా, సెలవు పెట్టకుండా తవ్వకాలు జరుపుతున్నది వాళ్లే. నివేదిక ప్రచురించరన్న లోపం ఒక్కటే, అది ఇతరత్రా కూడా ఉన్నదే.

రాయి అదృష్టం కూడా చేసే పనిని బట్టే ఉంటుందని నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు తేల్చాయి. అవి సూర్యుడి రాకపోకల్ని కనిపెడతాయని నిపుణులు చెప్పాక 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషం. వాటికి కాలజ్ఞానం శాఖలో కొలువు దొరికింది. మనవాటికి వచ్చిన విద్య ఒకటే, చేతులు చాచి నిలబడటం. ఆ విద్యకు నోటిఫికేషన్ పడదు. మేడారం జాతరకు రెండేళ్లకోసారి కోటిమందికి పైగా ఆ దారుల్లోనే పోయి వస్తారు. మల్లూరు గుట్ట మీద హేమాచల నరసింహస్వామి దర్శనానికి బస్సులు నిండుతాయి. అంత జనంలో ఆగి, ఈ అడవిలో ఇంకెవరున్నారని అడిగినవాడు ఎంతమంది?

అందుకే ఈ రాళ్ల తరఫున నేనే ఒక దరఖాస్తు ఊహించి చూశాను. దరఖాస్తుదారు పేరు: తెలియదు. తండ్రి పేరు: పక్క రాయి. మతం: కాలమ్ ఖాళీ వదలకూడదంటుంది సిస్టమ్. జాబితాలో ఉన్నవేవీ అప్పటికి పుట్టలేదు గనక 'ఇతరులు' అని నొక్కాలి. జిల్లా: మొదట వరంగల్ అని రాసి కొట్టేసి, జయశంకర్ భూపాలపల్లి అని రాసి కొట్టేసి, ములుగు అని రాయాలి. గుండాల వైపుదైతే ఖమ్మం కొట్టేసి భద్రాద్రి కొత్తగూడెం అని రాయాలి. నిలబడ్డచోటినుంచి అంగుళం కదలకుండా ఇన్ని జిల్లాలు తిరిగినవాడికి నివాస ధ్రువీకరణ ఇవ్వడం కష్టమని ఆపరేటర్ గొణుగుతాడు. భూమి వివరాలు ధరణిలో చూస్తే లేవు, ధరణి పోయి భూభారతి వచ్చాక చూసినా లేవు. కోరిక: ఏమీ వద్దు, తొక్కకుండా ఉంటే చాలు. ఆ కోరికకు పథకం లేదు, దగ్గర్లో ఉన్న పింఛను కింద ఎక్కించమంటాడు మీసేవ కుర్రాడు. ఎక్కిస్తే బతికే ఉన్నట్టు వేలిముద్ర అడిగింది. చేతులు రెండూ చాచే ఉన్నాయి గానీ చెక్కినవాడు వేళ్లు చెక్కలేదు. బయోమెట్రిక్ పడలేదు. సర్వర్ డౌన్ కాదు, చూశాం. మళ్లీ సోమవారం రమ్మన్నారు.